నల్లమద్ది నడుము కొలత

అడవిలో ఉద్యోగం పడింది.

కొండవాలు మీద నూట ఇరవై నల్లమద్ది చెట్లున్నాయి. పోయిన వేసవిలో తొమ్మిది నిలువునా ఎండిపోయాయి. ఏటా తొమ్మిది చొప్పున పోతే పద్నాలుగేళ్లు తిరక్కుండా వాలంతా బోడి. ఈ లెక్క విన్న పెద్ద ఏనుగమ్మ కంగారుపడి కబురు పెట్టింది.

"చెట్లెందుకు ఎండుతున్నాయో కొలిచి చెప్పేవాళ్లు కావాలి. రెండేళ్ల పని. ఉండడానికి తొర్ర, తినడానికి కాయలు. ముందు పది రోజులు పరీక్ష."

ఇద్దరే వచ్చారు. ఒకటి నక్క. రెండోది బుడమ అనే ఆడ ఉడుత. ఎండిపోయిన తొమ్మిదింటిలో ఒక చెట్టు మీదే బుడమ గూడుండేది. ఆ చెట్టుకు ఏమైందో తెలుసుకోవాలని అప్పట్నుంచీ దానికి ఒకటే తపన.

ఏనుగమ్మ ఇద్దరికీ చెరో చెట్టు చూపించింది. తన తోక వెంట్రుకలు చెరొకటి పీకి ఇచ్చింది. "దీని మందమే మన కొలత. తెల్లారుజామున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి చెట్టు నడుము కొలవండి. పది రోజులు, ఇరవై కొలతలు."

బుడమ మాను చుట్టూ తీగ చుట్టి గట్టిగా ముడి వెయ్యబోయింది. పై కొమ్మ మీంచి ముసలి వడ్రంగిపిట్ట అరిచింది.

"ఆగవే పిల్లా! బిగించేస్తే తీగ కదులుతుందా? ఒక కొస జిగురుతో అంటించు. రెండో కొసకు రాయి కట్టి వేలాడదియ్. చెట్టు లావైతే రాయి పైకి పోతుంది, సన్నబడితే కిందికి దిగుతుంది. పక్కన బెరడు మీద గీత పెట్టుకో."

"నీకు ఇదంతా ఎలా తెలుసు తాతా?"

"అరవై చెట్లను పొడిచాను మరి, తెలియదూ?"

తాత అంతటితో ఊరుకోలేదు. రోజూ తెల్లారకముందే టకటకమని పొడిచి బుడమను లేపేది.

నక్క తన చెట్టుకు తీగను బిర్రుగా ముడేసి, నీడ చూసుకుని పడుకుంది.

ఆరో రోజు బుడమ దిగాలుగా కనిపించింది.

"ఏమ్మా బుడమా, లెక్క తేలడం లేదా?" అంది నక్క.

"తెల్లారి ఉన్న కొలత మధ్యాహ్నానికి మూడు వెంట్రుకలు తగ్గుతోంది మామా. రాత్రి గడిచేసరికి మళ్లీ పెరుగుతోంది."

నక్క పగలబడి నవ్వింది. "చెట్టు సన్నబడటమేంటే పిచ్చిదానా! ఆ తగ్గినవి తీసేసి పెరిగినవే చెప్పు. లేకపోతే అందరి ముందూ నవ్వులపాలవుతావు."

బుడమకు భయమేసింది. అయినా మర్నాడు మళ్లీ కొలిచింది. మళ్లీ మూడు తగ్గింది. చూసింది చూసినట్టే గుర్తుపెట్టుకుంది.

పదో రోజు మధ్యాహ్నం అందరూ చేరారు.

"ఒకటి, రెండు, మూడు... ఇరవై!" నక్క గొంతు ఖంగుమంది. "కొలిచిన ప్రతిసారీ ఒక్కో వెంట్రుక పెరిగింది. నా చెట్టు గుండ్రాయిలా ఉంది పెద్దమ్మా!"

జింకలు ఆహా అన్నాయి.

బుడమ ముందుకొచ్చింది. "నాది రోజూ మధ్యాహ్నం మూడు తగ్గింది. తొమ్మిది రాత్రుల్లో అయిదు రాత్రులు మూడూ తిరిగొచ్చాయి. నాలుగు రాత్రులు రెండేసే వచ్చాయి. అంటే తెల్లారి కొలతలో మొత్తం నాలుగు తగ్గింది."

జింకలు కిసుక్కున నవ్వాయి. ఏనుగమ్మ నవ్వలేదు.

"పదండి, చూద్దాం."

బుడమ చెట్టు దగ్గర, పొద్దున పెట్టిన గీతకు రాయి సరిగ్గా మూడు వెంట్రుకలు కిందికి దిగి ఉంది. జింకలు మెడలు చాచి ఆ గీతనే చూశాయి.

నక్క చెట్టు దగ్గర తీగ కనబడలేదు. దాని మీద చెదలు మట్టి కప్పేశాయి. ఏనుగమ్మ తొండంతో మట్టి రాల్చింది. కింద బిర్రుగా ముడి.

"ఈ ముడి ఇరవైసార్లు ఎలా కదిలింది నాయనా?"

"ఈ... ఈ చెదలు నిన్ననే పట్టాయి పెద్దమ్మా!"

"నాలుగు రోజులైంది పట్టి," అన్నాయి చెదలు బెరడులోంచి. "అన్నాళ్లూ మట్టి మోశాం. ఒక్కడూ ఇటు రాలేదు."

నక్క తోక ముడుచుకుని పొదల్లోకి జారుకుంది.

ఏనుగమ్మ బుడమ వైపు తిరిగింది. "చెట్టు ఎందుకు సన్నబడుతోందమ్మా?"

"ఎండకి ఆకుల్లోంచి నీళ్లు పోతున్నాయనీ, రాత్రి వేర్లు మళ్లీ నింపుతున్నాయనీ అనుమానం. నాలుగు రాత్రులు నిండలేదంటే దానికి దాహంగా ఉన్నట్టుంది. కానీ ఖాయంగా తెలియదు పెద్దమ్మా."

"తెలుసుకోవడానికేగా రెండేళ్లు ఇస్తున్నది! తొర్రలోకి వెళ్లు."

బుడమ తొర్రలోకి వెళ్లలేదు. గబగబా కొమ్మెక్కి వడ్రంగిపిట్ట కాళ్లకు దండం పెట్టింది. "తాతా, ముడి వేసి ఉంటే నాకూ ఏమీ తెలిసేది కాదు." తర్వాత కిందికి దిగి, పది రోజులు తనను మోసిన మానును రెండు చేతులా వాటేసుకుంది. చేతులు చుట్టూ అందలేదు. అందినంత మేరే పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది.

నీతి: తనకు నచ్చిన అంకె చెప్పేవాడికి చప్పట్లు దొరకొచ్చు గానీ, కనిపించిన అంకె చెప్పేవాడికే చెట్టు తన మనసు విప్పుతుంది.