వెనక్కి చూసే ఈత

వకుళకి సముద్రంలో తేలుతున్న డబ్బా మీద అనుమానం వచ్చింది.

నారింజరంగు డబ్బా. దానికో తాడు, తాడు చివర అడుగున ఓ రాయి. విశాఖలో జాలరిపేట ఒడ్డు నుంచి నాలుగువందల మీటర్ల దూరంలో, ఆమెకి ఈత నేర్పే నూకరాజు మాస్టారు దాన్ని వేసి ఉంచాడు. డబ్బాని చుట్టి రెండుసార్లు వెళ్ళి వస్తే పందెంలో ఈదవలసిన దూరం వస్తుంది. మొన్న ఆ డబ్బా దగ్గరగా కనిపించింది. ఇవాళ దూరంగా ఉంది.

"మాస్టారూ, దీన్ని ఎవరైనా జరిపారా?"

"రాయి కట్టినాను తల్లీ. కాళ్ళు కట్టలేదు," అన్నాడాయన.

వకుళ నవ్వలేదు. ఈ మధ్య ఆమెకి అన్నిటిమీదా అనుమానమే. చేతి గడియారం దూరం తక్కువ చూపిస్తోందని అనుమానం. సైకిల్‌కి గాలి ఇంటి దగ్గర ఓసారి చూసుకునేది, బీచి రోడ్డు ఎక్కాక ఓసారి చూసుకునేది. ఆ సైకిల్‌కి తాళాలు రెండు. గుండె బాగుందని డాక్టరు రాసిస్తే, ఆ కాగితం పట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళింది. రెండో ఆయన కూడా బాగుందన్నాడు. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారేమో అనుకుంది.

పద్నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ ట్రయథ్లాన్‌కి పేరు ఇచ్చింది. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి. సైకిలూ పరుగూ ఎలాగో కుదిరాయి. నలభై ఏడేళ్ళ మోకాళ్ళు గొణుగుతూనే ఒప్పుకున్నాయి. చిక్కంతా ఈతతోనే. యాభై నిమిషాల్లో నీళ్ళలోంచి బయటికి రాకపోతే పందెంలో సైకిల్ ముట్టుకోనివ్వరు. వకుళకి యాభై ఎనిమిది పడుతోంది. కొలనులో అదే దూరం నలభై మూడు నిమిషాల్లో ఈదేస్తుంది. పందెం ఇంకా పది రోజులుంది.

"ఇక్కడ నీటి లాగుడు ఎక్కువ," అందామె.

"పది బారలకోసారి తల తిప్పి ఒడ్డు సూస్తన్నావు. అందుకే."

"దారి చూసుకుంటున్నాను."

"దారి ముందర ఉంటాది కదేటి?"

ఆమె కళ్ళద్దాలు బిగించుకుని నీళ్ళలోకి వెళ్ళింది.

పది బారలు. వెనక్కి చూసింది. ఒడ్డున మాస్టారి తెల్లచొక్కా కనిపించింది. ఇంకో పది. చొక్కా ఉంది. ఇంకో పది. చొక్కా అటు తిరిగి ఉంది.

మాస్టారు సముద్రానికి వీపు పెట్టి, చేపల గంప ముందు గొంతుక్కూర్చుని ఎవరితోనో బేరమాడుతున్నాడు.

వకుళ డబ్బాదాకా వెళ్ళలేదు. సగంలోనే తిరిగి వచ్చేసింది. నీళ్ళు కారుతూ వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. చేపలమ్మే మనిషి ఆమె మొహం చూసి గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

"మీరు నన్ను చూడటం లేదు."

"లేదు."

"మరి ఒడ్డున ఉండి ఏం చేస్తున్నట్టు?"

"కానాగంత సేపలు కొన్నాను," అంటూ ఆయన సంచి చూపించాడు.

"నాకేమన్నా అయితే?"

ఆయన సంచి మూతి ముడేశాడు.

"ఆ రోజూ ఇంతే. అందరూ ఒడ్డునే ఉన్నారు," అంది వకుళ.

ఆ రోజు సంగతి మాస్టారికి తెలుసు. పద్నాలుగేళ్ళ కిందట ఇదే ఒడ్డున పందెం. వకుళ నీళ్ళలో అందరికంటే ముందుంది. నాలుగేళ్ళ కూతురు మేదిని ఒడ్డున ఆడపడుచు చేయి పట్టుకుని ఉంది. మొక్కజొన్న పొత్తు కొనడానికి ఆడపడుచు ఆ చేయి వదిలింది. అంతే. పిల్ల కనపడలేదు. మాస్టారూ, పేటలోవాళ్ళూ పడవ పడవకీ వెతికారు. నలభై నిమిషాలకి ఓ బోర్లించిన పడవ వారన నీడలో నిద్రపోతూ దొరికింది. పీతల బొరియలు లెక్కపెడుతూ అక్కడే పడుకుందట.

వకుళ నీళ్ళలోంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. పిల్ల ఆడపడుచు చంకలో ఉంది. ఆడపడుచు ఏడుస్తోంది. వకుళ ఇక సైకిల్ దగ్గరికి పోలేదు. మళ్ళీ సముద్రం జోలికీ పోలేదు.

ఒక్క సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ నలభై నిమిషాలూ తను సంతోషంగా ఈదింది.

ఇప్పుడు మేదినికి పద్ధెనిమిది. తిరుపతిలో పశువుల డాక్టరు చదువు. ఒడ్డున చూడవలసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా పది బారలకోసారి తల దానంతటదే తిరుగుతోంది.

మాస్టారు లేచాడు. చొక్కా విప్పి, నాలుగు మడతలు పెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"పట్టుకో. నాను ఎల్లొస్తాను. నువ్వు సూడు. రెప్ప కూడా ఎయ్యొద్దు."

"మాస్టారూ, మీకు డెబ్బై రెండేళ్ళు!"

"సముద్రానికి సెప్పకు."

అలలు దాటేదాకా నడిచాడు. తర్వాత పడుకున్నట్టుగా నీళ్ళ మీద వాలి బారలు వేశాడు. తల ఒక్కసారి కూడా తిప్పలేదు. నెరిసిన జుట్టు కాస్త కనిపిస్తూ, కాస్త మునుగుతూ దూరమవుతోంది.

వకుళ చూస్తోంది. కళ్ళు మండుతున్నాయి. ఎందుకైనా మంచిదని పక్కకి నాలుగడుగులు వేసి ఎత్తుగా ఉన్న ఇసుక మీద నిలబడింది. ఈయన పరీక్ష పెడుతున్నాడా? నిజంగానే అంత దూరం పోతాడా? మధ్యలో మునిగినట్టు నటిస్తాడా? నటిస్తే నటన అని తనకెలా తెలుస్తుంది?

నడుముకి కట్టుకున్న, నీళ్ళు చొరని చిన్న సంచిలో ఫోను మోగింది. ఆమె చూపు తిప్పకుండానే తడిమి తీసింది.

"అమ్మా, గోంగూర సీసా ఏ సంచిలో పెట్టావ్?"

"నీలం సంచి."

"నీలం సంచి మొత్తం దులిపేశా. లేదు."

"పక్క అర చూడు."

"పక్క అర అంటే... ఆఁ, దొరికింది. అబ్బ, నూనె కారింది, నా రికార్డు బుక్కంతా! ఏంటలా ఉంది గొంతు? ఎక్కడున్నావ్?"

"సముద్రం దగ్గర. మాస్టారు నీళ్ళలో ఉన్నారు."

"మాస్టారు ఉన్నారా? నువ్వు కదా ఉండాలి!" మేదిని నవ్వింది. "సరే, క్లాసుకి టైమైంది. ఉంటా."

ఫోను పెట్టేసింది. అప్పుడే దక్షిణం వైపు నుంచి ఓ ఫైబర్ పడవ వచ్చింది. ఒడ్డుకీ డబ్బాకీ మధ్యనుంచి డుబుడుబుమంటూ పోయింది. అది తప్పుకున్నాక వకుళ వెతికింది.

తల లేదు.

డబ్బా ఉంది. నీళ్ళున్నాయి. తల లేదు.

మోకాళ్ళ లోతుదాకా పరుగెత్తింది. "మాస్టారూ!" అని అరిచింది. అల వచ్చి మొహం మీద కొట్టింది. ఉప్పునీళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. డబ్బా పక్కన చూసింది. పడవ పోయిన చాలు వెంట చూసింది. ఒడ్డున వలలు దులుపుకుంటున్నవాళ్ళు ఒకసారి తలెత్తి, మళ్ళీ పనిలో పడ్డారు. వీళ్ళకి పట్టదా? లేక వీళ్ళకేదన్నా తెలుసా? ఈదుకుంటూ పోదామంటే ఎటు పోవాలి?

రెప్ప వెయ్యకుండా ఒకే చోటు చూస్తూ నిలబడిపోయింది. చేతిలో చొక్కా మెలికలు తిరిగిపోయింది.

"ఏటమ్మా, అటెటు సూస్తన్నావు?"

గొంతు వెనకనుంచి వచ్చింది.

మాస్టారు ఇసుకలో నడుచుకుంటూ వస్తున్నాడు. నీటి లాగుడుకి ఎదురెళ్ళకుండా దానితోపాటే పోయి, ఉత్తరాన రాళ్ళ దగ్గర ఒడ్డెక్కాడు. అక్కడినుంచి నడిచి వచ్చాడు. కాస్త ఆయాసం, అంతే.

వకుళకి మొదట కోపం వచ్చింది. తర్వాత ఇసుకలో కూలబడింది.

ఆయన పక్కన కూర్చున్నాడు. చెవిలో నీళ్ళు దులుపుకున్నాడు.

"సూసినావా?"

"చూశాను."

"ఎంతసేపు?"

"కనిపించినంతసేపూ."

"కనిపించనప్పుడో?"

"అప్పుడూ చూశాను. అప్పుడే ఎక్కువ చూశాను."

"అయితే నువ్వు సూడబట్టే నాను తేలినానేటమ్మా?"

అల వచ్చి వాళ్ళ కాళ్ళదాకా తడిపి పోయింది. ఇంకో అల అంతదూరం రాలేదు.

చొక్కా ఆయన చేతికిచ్చింది. మెలికలన్నీ చూసి ఆయన, "ఉతికేసినావే," అంటూ దులిపి తొడుక్కున్నాడు.

ఆమె లేచింది. కళ్ళద్దాలు నీళ్ళతో కడుక్కుని పెట్టుకుంది. ఫోను సంచి విప్పి చేపల సంచి పక్కన పెట్టింది. పెట్టాక, ఎవరైనా తీస్తారేమో అనిపించింది. అనిపించనిచ్చింది.

నడుములోతు నీళ్ళలోకి వెళ్ళాక మాస్టారి గొంతు వినపడింది. ఆమెతో కాదు. రోడ్డు పక్కన బండి మీద టీ కాచే మనిషితో.

"పైడమ్మా, ఇప్పుడు ఒక టీ ఇయ్యి. రెండోది ఈ తల్లికి, ముప్పావుగంట ఆగి పొయ్యి."