పుల్లమ్మ దాచిన డిస్కు

అనగా అనగా, మన లెక్కకందని కాలంలో ఒక అడవి. ఆ అడవిలో వాగుకు అడ్డంగా ఒక ఆనకట్ట. దాని తలుపులు తెరిచి మూసేది ఒక లినక్స్ కంప్యూటరు.

పక్క అడవులవాళ్ళు తయారుగా ఉన్న సాఫ్ట్‌వేర్ తెచ్చుకునేవారు. ఇక్కడ మాత్రం సాఫ్ట్‌వేర్‌కు మూలమైన రాత, అదే సోర్సు, తెచ్చి, ఇంట్లో పచ్చడి నూరుకున్నట్టు, తమకు కావలసినట్టు కంపైల్ చేసుకునేవారు. ఆ పని పుల్లమ్మ అనే ముళ్ళపందిది. స్వామికి దణ్ణం పెట్టుకోనిదే కీబోర్డు ముట్టేది కాదు.

రాజు అడవిదున్న. ఆయన చెవిలో చిటికి అనే గోరింక గుసగుసలాడింది.

"ప్రభూ, ఒక్క పూటలో అయ్యే అప్‌గ్రేడుకు ఆ పుల్లమ్మ మూడు రోజులు తీసుకుంటోంది. ఏదో దాస్తోంది. ఓ కన్నేసి ఉంచండి."

మొదటి రోజు రాజు పొదచాటున నిలబడ్డాడు. పుల్లమ్మ ఊరికే చదువుతోంది.

"ఏమిటా చదువు?" రాజు ముందుకొచ్చి అడిగాడు.

"సోర్సు పంపినవాళ్ళ కబురు ప్రభూ. ఏం మారబోతోందో తెలియకుండా చెయ్యి పెట్టను."

రెండో రోజు, యంత్రానికి గుండెకాయ వంటి కెర్నెల్ కొత్తది తయారైంది. పుల్లమ్మ పాతదాన్ని ఒక డిస్కులో దాచింది.

"ఎవరికోసం దాస్తున్నావు?"

"మనకోసమే ప్రభూ. కొత్తది మొరాయిస్తే పాతదానితో యంత్రాన్ని లేపుకోవచ్చు."

రాజు బుస్సుమన్నాడు. నమ్మలేదు.

మూడో రోజు, సెట్టింగుల ఫైలు మార్చనా అని యంత్రం అడిగింది. పుల్లమ్మ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, పాతదానిలోని ఒక వరుసను అలాగే నిలిపి, ఆ ఫైలునూ డిస్కులో పెట్టింది.

"ఆ వరుస ఎవరి మాట?"

"మీ తాతగారిది. నీళ్ళు పన్నెండో గీత తాకితే తలుపులు తెరిచి పక్కవాగులోకి వదలాలని. దిగువన కుందేళ్ళ బొరియలున్నాయని రాయించారు."

"తాతగారు వచ్చి చెప్పరని ఆయన పేరు చెబుతున్నావా?" రాజు ఆ డిస్కును సాక్ష్యంగా లాక్కున్నాడు. ముద్ర వేసి ఖజానాలో పెట్టాడు. పని చిటికికి అప్పగించాడు.

మళ్ళీ అప్‌గ్రేడ్ వచ్చింది. చిటికి కబురు చదవలేదు. పాత కెర్నెల్ చెరిపేసింది. యంత్రం ఏమడిగినా "అవును, అవును, అవును" అంది. మధ్యాహ్నానికల్లా పని ముగిసింది.

"చూశారా ప్రభూ!"

శ్రావణంలో కుంభవృష్టి కురిసింది. నీళ్ళు పన్నెండో గీత దాటాయి. తలుపులు కదల్లేదు. కట్ట మీది నుంచి నీళ్ళు దిగువకు చిమ్ముతున్నాయి.

"ప్రభూ, పిల్లలు బొరియలో ఉన్నారు!" తల్లి కుందేలు కేక పెట్టింది.

చిటికి ముక్కుతో మీటలన్నీ పొడిచింది. "యంత్రం బాగానే ఉంది ప్రభూ, తలుపులే మొండివి!"

రాజుకు డిస్కు గుర్తొచ్చింది. తానే పరుగెత్తి, తన ముద్ర తానే పగలగొట్టి, పుల్లమ్మ ముందు పెట్టాడు. ఆమె, తలుపులను కదపలేని కొత్త కెర్నెల్‌ను పక్కనపెట్టి, పాత కెర్నెల్‌తో యంత్రాన్ని లేపింది. తాతగారి వరుసను తిరిగి చేర్చింది. తలుపులు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. నీళ్ళు పక్కవాగులోకి మళ్ళాయి. కాసేపటికి ఆఖరి కుందేలు పిల్ల తడిసి ముద్దై, తుమ్ముతూ బయటికొచ్చింది.

రాజు కొమ్ములు వంచాడు. "నిన్ను అనుమానించాను తల్లీ."

"మీ అనుమానం వల్లే కదా ప్రభూ ఆ డిస్కు చిటికి చేతికి చిక్కలేదు. స్వామి అలా కాచాడు. ఇకమీదట ఆ అనుమానాన్ని నా మీద కాకుండా, కొత్తగా వచ్చే ప్రతి మార్పు మీద పెట్టండి."

కనుక పిల్లలూ, అనుమానించవలసింది తొందరగా వచ్చే మార్పును. జాగ్రత్తగా పనిచేసే మనిషిని కాదు.