కొస కనపడని సంచి

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు, ముగ్గురికీ తొందరే. అందులో మూడోవాడు సుదత్తుడైతే అన్నం ఉడక్కముందే విస్తరి వేసుకుని కూర్చునే రకం.

సుదత్తుడికి మేనమామ కూతురు మాణిక్యవల్లిని ఇవ్వాలనుకున్నారు. ముహూర్తం పెట్టేలోపే ధూమ్రజటి అనే మాంత్రికుడు వచ్చి ఆ పిల్లను ఏడు సముద్రాల అవతలి దీవికి ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ చిలుకను బంధిస్తే వాడి మంత్రాలు పనిచేయవు. కానీ పంజరంలో పెడితే ఊచలు కరుగుతాయి, తాడుతో కడితే ముడి ఊడుతుంది. ముడి అన్నదే లేకుండా ఒకే పోగుతో అల్లిన సంచికి మాత్రమే అది చిక్కుతుంది.

అలాంటి సంచి అల్లడం కొండమీద గొర్రెలు కాసే పోలమ్మవ్వ ఒక్కతెకే వచ్చు. ఆమె గొర్రెల ఉన్ని కత్తికి తెగదు, నిప్పుకు కాలదు.

ముందు పెద్దవాడు వెళ్ళాడు. రెండు వెదురు పుల్లలతో ఉచ్చులోంచి ఉచ్చు లాగడం నేర్చుకున్నాడు. "జారిన ఉచ్చు ఎత్తుకోవడం కూడా నేర్చుకుని పో నాయనా" అంది అవ్వ. తీరిక లేదంటూ వెళ్ళాడు. తిరిగి రాలేదు.

తర్వాత రెండోవాడు వెళ్ళాడు. అల్లడం నేర్చుకున్నాడు, జారిన ఉచ్చు ఎత్తుకోవడం నేర్చుకున్నాడు. "పోగు కొస దాచడం కూడా నేర్చుకో నాయనా" అంది అవ్వ. "సంచి అయిపోయిందిగా!" అని వెళ్ళాడు. వాడూ తిరిగి రాలేదు.

ఇక సుదత్తుడు బయల్దేరాడు. వాళ్ళిద్దరినీ సముద్రం దాటించిన ముసలి తాబేలు కొండ కిందే ఉంది.

"మా అన్నలేమయ్యారు?" అని అడిగాడు.

"రాళ్ళయ్యారు బాబూ. పెద్దాయన సంచిలో ఒక్క ఉచ్చు జారింది. దాని కింద వరసలన్నీ జారి కంత పడింది, చిలుక అందులోంచి ఎగిరిపోయింది. రెండో ఆయన కొస వేలాడదీసి వదిలేశాడు. చిలుక దాన్ని ముక్కుతో పట్టి లాగింది, సంచంతా ఊడిపోయింది."

సుదత్తుడికి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని కొండెక్కాడు. మూడుసార్లు అల్లాడు. మూడుసార్లూ అవ్వ వేలితో కొస దొరకపుచ్చుకుని సర్రున విప్పేసింది.

"ఇంకెన్నిసార్లవ్వా?"

"నా వేలికి కొస దొరకకుండా పోయేదాకా. మూతి దగ్గర ఉచ్చులన్నిటిలోంచి పోగు దూర్చి బిగించు. తర్వాత కొసను లోపలి కుట్ల కింద ముందుకు కొంత, వెనక్కి కొంత నడిపించు. ఒకే దారిన పోతే ఆ దారినే వస్తుంది."

నాలుగోసారి అవ్వ వేలికి కొస దొరకలేదు. చిలుకను వేయడానికి మూతి తెరిచి ఉంచిన కొత్త సంచి అల్లుకుని, ఎముక సూది తీసుకుని, తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలూ దాటాడు.

మాంత్రికుడి ఇంట్లో నిద్రపోతున్న చిలుకను సంచిలో వేసి మూతి బిగించాడు. చిలుక కెవ్వుమంది. ధూమ్రజటి పరుగున వస్తున్నాడు.

"బావా, వచ్చేస్తున్నాడు! పోదాం పద!" అని అరిచింది మాణిక్యవల్లి.

సుదత్తుడి కాళ్ళు పరుగందుకోబోయాయి. నిలదొక్కుకున్నాడు. "కాసేపాగు మరదలా, ఇంకా అవలేదు" అన్నాడు. సూదిని ముందుకు నడిపాడు. మాంత్రికుడు గడపలోకొచ్చాడు. సూదిని వెనక్కి నడిపాడు. మాంత్రికుడు చెయ్యెత్తి మంత్రం మొదలుపెట్టాడు. సుదత్తుడు కొస లోపలికి తోసి సంచి కింద పెట్టాడు.

మంత్రం నోట్లోనే ఆగిపోయింది. చిలుక సంచంతా ముక్కుతో వెతికింది, కొస దొరకలేదు. వాకిట్లో రెండు రాళ్ళు ఆవలించి మనుషులయ్యాయి.

అందరూ తాబేలెక్కి ఇల్లు చేరారు. పెళ్ళి పదహారు రోజులు జరిగింది. పోలమ్మవ్వ పీట పక్కనే కూర్చుని తాంబూలం వేసుకుంది. సుదత్తుడు అరవై ఏళ్ళు రాజ్యమేలాడు, ఏ పనీ సగంలో వదల్లేదు. ఆ దీవిలో ధూమ్రజటి మాత్రం సంచి ఒళ్ళో పెట్టుకుని, కొస ఎక్కడుందా అని ఇప్పటికీ వెతుకుతున్నాడట.