ముప్పై ఆరు చింతగింజలు

కృష్ణ ఒడ్డున కొండమీద ఉన్న బౌద్ధారామంలో మార్కులంటే చింతగింజలు. సరైన జవాబుకొక గింజ శిష్యుడి పాత్రలో పడేది. పాఠం అప్పజెప్పేవాళ్ళు ఇరవై మంది, వాదం నేర్చేవాళ్ళు ఇరవై మంది. ఎవరి పరీక్ష వాళ్ళది.

అవతలి ఒడ్డున కొత్త ఆరామానికి ఉపాధ్యాయుడు కావాల్సొచ్చింది. వెళ్తామన్నది ఇద్దరే: పాఠం చదివే ధర్మసేనుడు, వాదం చదివే చంద్రమిత్రుడు. గింజల లెక్క తాటాకు మీద రాసేది ధర్మసేనుడే. తాను మునిగింది గంగ అన్నట్టు, ఆచార్య విమలనంది పొరుగూరు వెళ్ళొచ్చేసరికి తీర్పు కూడా అతనే చెప్పేశాడు.

"నావి డెబ్భై, అతనివి ముప్పై ఆరు. ఊరికే పోలిస్తే అన్యాయం కదా భంతే. అందుకే సగటు తీశాను. మా సగటు అరవై, వాళ్ళది ముప్పై. నేను పది ఎక్కువ, అతను ఆరే ఎక్కువ" అన్నాడు ధర్మసేనుడు. తన న్యాయబుద్ధికి తనకే ముచ్చటేసింది.

"చంద్రమిత్రుడేడీ?"

"పొద్దున్నే వెళ్ళిపోయాడు. ఇక చదువు మానేసి ఇంటి దగ్గరే ఉంటానన్నాడు."

ఆచార్యుడు బొగ్గుతో నేలమీద పాఠంవాళ్ళకొకటి, వాదంవాళ్ళకొకటి రెండు గీతలు గీసి, వేలి మందాన ఒక్కో అంకె గుర్తుపెట్టాడు. "మనిషికొక గింజ. ఎవరి అంకె దగ్గర వాళ్ళది పెట్టు" అన్నాడు.

ధర్మసేనుడు తాటాకు చూసి పెట్టాడు. మొదటి గీతమీద గింజలు నలభై నుంచి ఎనభై దాకా చెదిరిపోయాయి. అతని గింజ వాటి మధ్యలోనే ఉంది. దాన్ని దాటి ఇంకా అయిదున్నాయి.

రెండో గీత దగ్గర అతని చేయి మెల్లబడింది. ఇరవై ఎనిమిది నుంచి ముప్పై రెండు లోపలే పంతొమ్మిది గింజలు ఒకదాని మీదొకటి పడ్డాయి. ముప్పై ఆరు దగ్గర ఒక్కటే ఉంది.

ఆచార్యుడు ఆ పంతొమ్మిదింటినీ ఒక అరచేత్తో కప్పేశాడు. చంద్రమిత్రుడి గింజ బయటే మిగిలింది. తర్వాత మొదటి గీతమీద రెండు చేతులూ బారచాపాడు. ధర్మసేనుడి గింజ ఆ చేతుల మధ్యనే ఉండిపోయింది.

ధర్మసేనుడు చూశాడు: పది ఎక్కువైనా తను గుంపులోనే, ఆరే ఎక్కువైనా చంద్రమిత్రుడు గుంపు బయట. మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. తాటాకు పక్కన పెట్టేశాడు. ఇంత తెలివిగా ఇంత అన్యాయం చేశానా అనుకున్నాడు.

"ఇప్పటికి ఎంత దూరం వెళ్ళుంటాడు భంతే?" అన్నాడు, అప్పటికే లేచి నిలబడి.

"ఒక్కడే వెళ్తున్నాడు నాయనా. దూరం నుంచైనా కనిపిస్తాడు."