పురుషోత్తం నమ్మని పెట్రోలు ముల్లు

నా పానా మీద ఒట్టేసి చెబుతున్నా, ఇది మీరు నమ్మరు. మా ఆవిడ ఇరవై సార్లు వింది, ఇప్పటికీ నమ్మలేదు. అయినా చెబుతా. చెప్పకపోతే నా కడుపులో మంట చల్లారదు.

బెజవాడ ఆటోనగర్లో పురుషోత్తం అని పదకొండు లారీల ఓనరు ఒకాయన ఉండేవాడు. ఎవరేం చెప్పినా అందులో పావు వంతు కోసేసి మిగతాదే నమ్మేవాడు. డాక్టరు నాలుగు మాత్రలు వేసుకోమంటే మూడే వేసుకునేవాడు. ముహూర్తం పదింటికి అంటే, కాస్త ముందే చెప్పి ఉంటారని పదకొండున్నరకి వెళ్లేవాడు, తాళి కట్టేశారేంటని పెళ్లివాళ్ల మీదే అలిగేవాడు. "అందరూ కొంచెం కలిపే చెబుతారు నాగూరూ. మనం తీసేసుకోవాలి" అనేవాడు.

నాగూరంటే నేనే. చదువు మూడో క్లాసు, అందులోనూ పరీక్ష రాయలేదు. కానీ ఆటోనగర్లో మీటర్లు బిగించేవాళ్లు ముప్పై మంది ఉంటే, ముల్లు కదలనప్పుడు ఆ ముప్పై మందీ నా షెడ్డుకే వస్తారు. ట్యాంకు మీద వేలితో కొట్టి లోపల ఎన్ని లీటర్లున్నాయో చెప్పేస్తా. ఒకసారి అలా చెబితే తేడా వచ్చింది. తీరా చూస్తే కొలిచే డబ్బాకి సొట్ట ఉంది.

సరే, ఆ పురుషోత్తానికి ఒక ఏడాది రేసు పిచ్చి పట్టింది. కోయంబత్తూరు నుంచి పాత రేసు కారు ఒకటి కొనుక్కొచ్చాడు. మంచం అంత ఎత్తు, ఒక్కటే సీటు. నడపడానికి ఆయన లారీ డ్రైవరు కోటయ్య కూతుర్ని పిలిచాడు. ఆ పిల్ల పేరు హిమజ. నాన్న లారీ మీదే స్టీరింగు నేర్చుకుంది. మా సందులోంచి లారీని వెనక్కి తీస్తే రెండు వైపులా గోడకున్న బల్లి కూడా కదిలేది కాదు. అప్పటికి స్కూలు వ్యాను నడిపేది. ఈ కారు కోసం ఆ ఉద్యోగం మానుకుంది.

పురుషోత్తం అందరి ముందూ ఒక మాటన్నాడు. చెన్నై అవతల ట్రాకు మీద ముప్పై రౌండ్ల రేసు ఉంది, అందులో హిమజ మొదటి ముగ్గురిలో వస్తే ఏడాదంతా కారు ఆ పిల్లదే. రాకపోతే తాళాలు ఆయన అల్లుడికి. ఆ అల్లుడికి ఒంటి చేత్తో స్టీరింగు తిప్పుతూ రెండో చేత్తో జుట్టు దువ్వుకోవడం తప్ప ఇంకేం రాదు.

ఆ కారుకి పెట్రోలు మీటరు లేదు. పాత ఓనరు కర్ర పెట్టి చూసుకునేవాడట. ట్యాంకు నలభై లీటర్లు. రౌండుకి రెండు లీటర్లు తాగుతుంది. అంటే ఇరవై రౌండ్లకి గొంతెండిపోతుంది. మధ్యలో ఒకసారి లోపలికొచ్చి పోయించుకోవాలి. ఎప్పుడు రావాలో తెలియాలంటే ముల్లు ఉండాలి. ముల్లు అంటే నాగూరు.

ట్యాంకు మూత తీశానా, లోపల స్పాంజీ. నిండా స్పాంజీయే. ఎవడో పరుపు కుక్కాడనుకున్నా. హిమజ చెప్పింది, రేసు ట్యాంకులు అలాగే ఉంటాయని, కారు పల్టీ కొడితే పెట్రోలు ఒక్కసారిగా ఎగజిమ్మకుండా స్పాంజీ పట్టి ఉంచుతుందని. మరి లారీకి పెట్టే మీటరుకి కడ్డీ చివర తేలే బంతి ఉంటుంది. ఆ కడ్డీ ఊగడానికి చోటు కావాలి. స్పాంజీలో ఎక్కడ ఊగుతుంది? పురుషోత్తం చాలా తేలిగ్గా స్పాంజీ పీకేయమన్నాడు. నేను పానా కింద పెట్టేశా. ఆ పిల్ల ప్రాణం పీకమంటే పీకుతానా?

రెండు రోజులు ట్యాంకు ఆరబెట్టా. స్పాంజీలో పదునైన కత్తితో నిలువునా బొటనవేలంత బొక్క కోశా. అందులోకి సరిగ్గా పట్టే అల్యూమినియం గొట్టం దించా. గొట్టం లోపల బంతి పైకీ కిందికీ జారుతుంది, దాన్ని బట్టి సీటు ముందున్న ముల్లు కదులుతుంది. అడుగున సన్న చిల్లి, పైన సన్న చిల్లి. మలుపులో పెట్రోలు ఎంత ఎగిరినా గొట్టంలోకి మెల్లగానే వస్తుంది, కాబట్టి ముల్లు గంతులెయ్యదు. చెన్నై నుంచి ఒక ఇంజనీరు వచ్చి చూశాడు. చూసి, చెప్పులు విడిచి నిలబడ్డాడు. నవ్వండి, నవ్వండి. ఆ చెప్పులు ఇప్పటికీ నా షెడ్డులోనే ఉన్నాయి.

బిగించడం కాదు గొప్ప, గీతలు పెట్టడం గొప్ప. నేల సమంగా ఉందా లేదా అని సాసరులో నీళ్లు పోసి చూశా. టైర్లలో రేసుకి పెట్టే గాలే పెట్టా. కారు రేసులో ఎంత కుంగుతుందో అంతే కుంగాలని హిమజని హెల్మెట్‌తో సహా సీట్లో కూర్చోబెట్టా. లీటరు డబ్బాతో నలభై సార్లు పోశా. పోసినప్పుడల్లా ఒక గీత. నాలుగు లీటర్ల దగ్గర మా ఆవిడ గోళ్ల రంగుతో ఎర్ర గీత పెట్టా. ఎర్ర గీత అంటే రెండు రౌండ్లు, అంతకన్నా చుక్క లేదు, ముల్లు దాన్ని తాకిన రౌండులోనే లోపలికి వచ్చెయ్యమని ఆ పిల్లకి మూడుసార్లు చెప్పా. పక్కనే ఉన్న పురుషోత్తానికీ చెప్పా. ఆయన తలూపాడు. ఆ తలూపడంలోనే పావు వంతు కోసేశాడని నాకప్పుడు తెలీలేదు.

రేసు రోజు హిమజ ఎనిమిదో చోట మొదలెట్టింది. పదిహేడో రౌండు అయ్యేసరికి మూడో చోటుకి వచ్చింది. నేను పెట్రోలు డబ్బాలు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డా. పద్దెనిమిదో రౌండులో ముందున్న రెండు కార్లూ పెట్రోలుకి లోపలికి వెళ్లాయి. అదే రౌండులో హిమజ గొంతు పురుషోత్తం చేతిలో ఉన్న వైర్‌లెస్‌లో వినిపించింది.

"సార్, ముల్లు ఎర్ర గీత మీదుంది. వచ్చేస్తున్నా."

"రావొద్దమ్మా. వాళ్లు ఆగారు, ఇప్పుడు మనమే ఫస్టు. ఇంకో నాలుగు రౌండ్లు తిప్పు."

"నాగూర్ బాబాయ్ రెండే అన్నాడు సార్."

"నాగూరు ముళ్లు నాకు తెలీవా? ముల్లు కింద పడుకున్నాక కూడా పావు ట్యాంకు ఉంటుంది."

ఇది లారీ కాదని నేను అరిచా. ఆయన వైర్‌లెస్ మీద అరచెయ్యి అడ్డం పెట్టి, నన్ను వెళ్లి టీ తాగమన్నాడు. చెయ్యి తీసి ఆ పిల్లతో ఇంకో మాటన్నాడు, చెప్పకుండా లోపలికొస్తే తాళాలు ఇక్కడే అల్లుడి చేతిలో పెడతానని. ఇంక ఆ పిల్ల ఏం చేస్తుంది? తిప్పింది. ఫస్టులో వెళుతున్న కారు వెనకాల కనబడేలా నిలబడి, గెలుపు గుర్తుగా రెండు వేళ్లు ఎత్తి పట్టుకుని పురుషోత్తం ఫొటో తీయించుకున్నాడు. నాలుగు రౌండ్లూ ఎందుకో తెలుసా? ఆ ఫొటో కోసం.

ఇరవై రౌండ్లు తిరిగింది. ఇరవై ఒకటో రౌండులో, అవతలి మలుపులో కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పక్కనుంచి కార్లన్నీ దూసుకుపోయాయి. హిమజ దిగి, హెల్మెట్ తీసి, కారు పక్కన నిలబడింది. ఏడవలేదు. ఏడ్చినా నాకు అంత కోపం వచ్చేది కాదు.

కారుని తాడు కట్టి లాక్కొచ్చారు. జనం మూగారు. పురుషోత్తం వాళ్లకి ఏం చెప్పాడో వినండి. మీటరు ఇరుక్కుపోయిందట. పిల్లకి ముల్లు చూడ్డం రాలేదట. అక్కడికక్కడే తాళాలు అల్లుడికి ఇచ్చేశాడు. ఆ అల్లుడు కార్లోకి తల పెట్టి ఏసీ బటన్ ఎక్కడని అడిగాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నన్ను తిడితే పడతా. నా చేతి పనిని అంటే ఊరుకోను. ఆ పిల్లని అంటే అసలు ఊరుకోను. టీ కొట్టు నుంచి గాజు గ్లాసు తెచ్చా. అందరి ముందూ ట్యాంకు అడుగు బోల్టు విప్పా. అర గ్లాసు వచ్చింది. అంతే. ముల్లు అడుగు గీతకి అంటుకుని ఉంది.

"చూడండి ఓనరు గారూ. ముల్లు ఏం చెప్పిందో ట్యాంకులో అదే ఉంది. ఆ పిల్ల కూడా అదే చెప్పింది. విననిది మీరు."

పురుషోత్తం గ్లాసు వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. గొంతు పెంచకుండా అన్నాడు.

"ముప్పై ఏళ్లుగా నా లారీలకి ముళ్లు బిగించిందెవరు నాగూరూ? ముల్లు పడుకున్నా డీజిలుంటుందని నాకు నేర్పిందెవరు?"

నేను నోరు మూసుకున్నా. అవును, నేనే మూసుకున్నా. ఆ రోజు తప్ప ఇంకెప్పుడూ మూసుకోలేదు.

విషయం ఏంటంటే, లారీలో డీజిలు పూర్తిగా అయిపోతే పైపుల్లోకి గాలి దూరుతుంది. మళ్లీ పోసినా ఇంజను లేవదు. ఆ గాలంతా తీయాలంటే రోడ్డు మీద సగం రోజు పోతుంది. అందుకని పాపం డ్రైవర్లు ఇబ్బంది పడకూడదని, ఆటోనగర్లో మేం బంతి కడ్డీని కొంచెం వంచేవాళ్లం. ఇరవై లీటర్లు ఉండగానే ముల్లు ఖాళీ అని చూపించేది. కొన్నాళ్లకి డ్రైవర్లు కనిపెట్టేశారు. ముల్లు పడుకున్నా నడపడం మొదలెట్టారు. ఓనర్లు ఇంకాస్త వంచమన్నారు. వంచా. డ్రైవర్లు ఇంకాస్త నడిపారు. ఇంకాస్త వంచా. చివరికి ఒక లారీ పడుకున్న ముల్లుతో నాగపూర్ వెళ్లి తిరిగొచ్చింది. ఇంక ఆ మీటరు ఎందుకని దాని మీద దేవుడి ఫొటో అంటించుకున్నారు.

అంటే పావు వంతు కోసెయ్యడం ఆయనకి పుట్టుకతో వచ్చిన తెగులే అయినా, దానికి ముప్పై ఏళ్లు నీళ్లు పోసింది నేను. నా కోపంలో సగం అక్కడే నా మీదికి తిరిగింది. దాని దెబ్బకి రైల్లో బెజవాడ దాకా ఒక్క కోత కూడా కోయకుండా వచ్చా. పక్కనాయన నన్ను మూగవాడనుకుని అరటిపండు ఇచ్చాడు.

ఆ నెలలోనే ఆయన లారీలన్నీ ఒక్కోటీ సర్వీసుకొచ్చాయి. పదకొండు కడ్డీలూ చక్కగా తిన్నగా చేసేశా. దొంగతనంగా కాదు. ప్రతి డ్రైవరుకీ చెప్పా, ఇప్పట్నుంచి ముల్లు ఖాళీ అంటే ఖాళీయేనని. మీటరు పక్కన ఎర్ర రంగుతో 'ముల్లు నిజం' అని రాశా. పురుషోత్తానికి ఇంటికెళ్లి మరీ చెప్పా. డ్రైవర్లు నవ్వారు. ఆయన కూడా నవ్వి, పావు వంతు తీసేసుకుంటాలే అన్నాడు.

ఆ తర్వాతి మంగళవారం పొద్దున పదకొండు లారీలూ ఆగిపోయాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. గన్నవరం నుంచి హనుమాన్ జంక్షన్ దాకా, మైలుకొకటి చొప్పున. అది చూసి జనం బందు అనుకున్నారు. జంక్షన్లో కొట్లు మూసేశారు. ఎవరో ఒక నాయకుడు పరిగెత్తుకొచ్చి, లారీ ఎక్కి, మా పూర్తి మద్దతు మీకే అని గంట సేపు ఉపన్యాసం ఇచ్చాడు. ఎందుకు మద్దతని ఆయన్ని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం పురుషోత్తం నా షెడ్డుకి వచ్చాడు. చొక్కా అంతా డీజిలు. రెండు చేతుల్లో రెండు ఖాళీ డబ్బాలు. తిడతాడనుకుని నేనూ నాలుగు తిట్లు సిద్ధం చేసుకున్నా. ఆయన తిట్టలేదు. పాత టైరు మీద కూర్చున్నాడు.

"నాగూరూ, ముల్లు నిజమేనా?"

"నిజమే. ఇన్నాళ్లూ అబద్ధం. అది నా తప్పు. చెప్పినా వినకపోవడం మీ తప్పు. ఆ పిల్ల తప్పు మాత్రం ఏమీ లేదు ఓనరు గారూ. మన ఇద్దరి తప్పూ ఆ పిల్ల నెత్తిన పడింది."

ఆయన డబ్బాలు అక్కడే వదిలేశాడు. లేచి, అల్లుడి దగ్గర తాళాలు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని హిమజ దగ్గరికి వెళ్లాడు. ఆ పిల్ల బతిమాలుకుని మళ్లీ స్కూలు వ్యానులో చేరింది. అద్దం తుడుస్తోంది. పురుషోత్తం తప్పయిపోయిందన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట పావు వంతు కూడా తగ్గకుండా రావడం నేను చూశా. ఆ పిల్ల గుడ్డ పిండి ఆరేసి, అప్పుడు తిరిగింది.

"తాళాలు తీసుకుంటా సార్. కానీ ముల్లు గీతని తాకాక నేను మిమ్మల్ని అడగను. వచ్చేస్తా."

ఒప్పుకున్నాడు. తర్వాతి రేసు అదే ట్రాకు మీద. పద్దెనిమిదో రౌండులో ముల్లు గీతని తాకింది. అప్పుడు హిమజ నాలుగో చోట ఉంది, ముందున్న ముగ్గురూ ఇంకా ఆగలేదు, అయినా తిన్నగా లోపలికి వచ్చేసింది. పురుషోత్తం పెదాలు కదిలాయి. వైర్‌లెస్ నోటి దాకా వెళ్లింది. నేను ఆయన వంకే చూస్తున్నా. ఆయన దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు. ముందున్న ముగ్గురిలో ఇద్దరు మా పురుషోత్తంలాంటి ఓనర్ల మాట విని మలుపుల్లో ఆగిపోయారు. హిమజ సెకండు వచ్చింది. ఏడాదంతా ఆ కారు ఆ పిల్లే నడిపింది.

ఇదీ సంగతి. మంచికే కదా అని అబద్ధం అలవాటు చేస్తే, తర్వాత మనం నిజం చెప్పినా వినేవాళ్లు ఉండరు, ఆ నష్టం ఏ తప్పూ చేయనివాళ్ల మీద పడుతుంది. అందుకని చెప్పేవాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, వినేవాడు చెప్పింది చెప్పినట్టు వినాలి. కాదంటారా? అయితే రండి నా షెడ్డుకి, మీ బండికి నా చేత్తో ముల్లు బిగిస్తా. అది ఖాళీ అన్నాక గన్నవరం దాకా నడిపి, నేను అబద్ధాలకోరునని రుజువు చెయ్యండి చూద్దాం.