పళ్ళపొడి ముగ్గు

రత్నగిరి రాజావారు పూర్ణంబూరె కొరికారు. ప్రాణం జివ్వుమంది. వాచిన దవడ పట్టుకుని కొలువులోకి వస్తూనే ఆజ్ఞ వేసేశారు.

"ఈ ఊళ్ళో అందరి పళ్ళూ పుచ్చులే. అవి ఆగేదాకా ఎవరూ తీపి వండకూడదు."

విదూషకుడు గురవప్ప గుండె ఆగినంత పనైంది. పాపం, అతను అన్నం తినేదే చివర్లో వచ్చే బూరె కోసం.

ఆస్థాన వైద్యుడు భైరవశాస్త్రి మాత్రం మీసం దువ్వాడు.

"ప్రభూ, నల్లరాతిగూడెంలో ముసలాళ్ళు కూడా చెరకు నమిలేస్తారు. ఎందుకంటారు? నా పళ్ళపొడి బస్తాలకు బస్తాలు కొంటారు గనుక. ఇక్కడ కూడా ఇంటికో బస్తా కొనాలని చాటింపు వేయించండి."

"పొడి కాదు, నీళ్ళు," అన్నాడు గురవప్ప. "మన పిల్ల ఆ ఊరికి కోడలుగా వెళ్తే, ఆమె బిడ్డల పళ్ళు ముత్యాలు. ఆ ఊరి పిల్ల మన ఇంటికొస్తే, ఆమె బిడ్డలవీ మనలాగే పుచ్చులు. మారింది తాగే బావి నీళ్ళే గదా."

"పొడి కూడా మారింది గదా," అన్నాడు వైద్యుడు.

రాజావారికి విసుగొచ్చింది. "గురవప్పా, రేపు తేల్చు. తేల్చకపోతే ఈ జన్మలో నీకు బూరె లేదు."

మర్నాడు గురవప్ప ఆ గూడెం నుంచి అంకమ్మవ్వను తీసుకొచ్చాడు, పళ్ళపొడి బస్తాతో సహా.

"అవ్వా, ఈ పొడి రోజూ వాడతావా?"

"లేవగానే మొదటి పని అదే నాయనా. అది లేందే నాకు తెల్లారదు."

వైద్యుడు పొంగిపోయాడు.

"ఎలా వాడతావో ఏలినవారికి చూపించు," అన్నాడు గురవప్ప.

అవ్వ కొంగు దోపింది. గుప్పెడు పొడి తీసి, వంగి, సింహాసనం ముందు చుక్కలు పెట్టి, చకచకా మెలికల ముగ్గు వేసేసింది.

"పిండితో వేస్తే చీమలు తినేస్తున్నాయి నాయనా. ఈ చేదు జోలికి చీమైనా రాదు."

"మరి పళ్ళకి?"

"మీలాగే, వేపపుల్ల."

రాజావారు పగలబడి నవ్వి, "అబ్బా" అని దవడ పట్టుకున్నారు.

"ఆ బావి రాతిలో ఏదో ఉప్పుంది ప్రభూ," అన్నాడు గురవప్ప. ఇప్పటివాళ్ళు దాన్ని ఫ్లోరైడ్ అంటారు లెండి. "మన మంచినీళ్ళ బావిలో దాన్ని కొలిచి కలుపుదాం. కోటలో మీకూ, వీధిలో ముష్టివాడికీ ఒకే మందు. కొనక్కర్లేదు, మింగమని ఎవరినీ బతిమాలక్కర్లేదు."

"అయితే బండ్లతో గుమ్మరించండి."

"అమ్మో, వద్దు ప్రభూ. పప్పులో ఉప్పులాంటిదది. కొండ అవతలి ఊళ్ళో మరీ ఎక్కువై, పళ్ళకి మచ్చలు, కీళ్ళకి నొప్పులు."

"మరి నా పుచ్చు?"

"అది పీకించుకోవాల్సిందే. నీళ్ళు మిగిలినవాటిని కాపాడతాయి."

రాజావారు తీపి మీద ఆజ్ఞ ఎత్తేసి, గురవప్పకి పళ్ళెం నిండా బూరెలు తెప్పించారు.

భైరవశాస్త్రి మెల్లగా గుమ్మం వైపు జారుకుంటున్నాడు. అవ్వ అతని ఉత్తరీయం పట్టుకుంది.

"నాయనా, ఇందులో రంగులు కూడా చేస్తావా?"

కొలువంతా గొల్లుమంది. గురవప్పకి మాత్రం నవ్వడం కుదరలేదు, నోట్లో బూరె ఉంది మరి.