ఓబులేసు పట్టిన మోకు

ఓబులేసుకు భయం. దేనికని అడిగితే ఏం చెబుతాం, అన్నిటికీ.

గుట్టకింద మఠంలో చేరి ఏడాదైనా ఒక్క పనిలో కుదురుకోలేదు. వంటింట్లో పెడితే పప్పులో ఉప్పు సరిపోయిందో లేదోనని అయిదుసార్లు రుచి చూసేవాడు. ఈలోగా బంతిలో కూర్చున్నవాళ్లు ఖాళీ విస్తళ్లు చూసుకుంటూ ఉండేవాళ్లు. సంతకు పంపితే, గేటుకు గొళ్లెం పెట్టానా లేదా అని సగం దారిలో వెనక్కి వచ్చాడు. వచ్చిన భక్తులకు నాలుగు మంచి మాటలు చెప్పమంటే, తప్పు చెబుతానేమోనని నోరే పెగల్లేదు.

ముప్పై ఏళ్ల మనిషి. ఇంటి దగ్గర అన్నలు "నీవల్ల ఏ పనీ కాదు, ఎటన్నా పో" అని పంపేస్తేనే ఇక్కడికొచ్చాడు. ఇక్కడా అదే మాట అంటే ఎక్కడికి పోవాలి?

అమావాస్య దగ్గరపడింది. ఆ రోజు మఠం పెద్ద కంబగిరి సామి ఒక్కో శిష్యుడికీ ఏడాది పని అప్పజెబుతాడు. పనికిరానివాణ్ణి ఇంటికి పంపేస్తాడని ఎవరూ అనలేదు. ఓబులేసే అనుకున్నాడు. అనుకున్నప్పటి నుంచీ అన్నం సహించడం మానేసింది.

అమావాస్య పొద్దున సామి అందరినీ బావి దగ్గరికి పిలిచాడు. రెండేళ్లుగా పూడిక తీయని బావి అది. నీళ్లు అడుగంటాయి.

"ఈసారి నేను దిగుతా" అన్నాడు సామి.

"ఈ వయసులోనా సామీ!" అన్నాడు తిమ్మప్ప. బలమైనవాడు, దేనికీ జంకనివాడు. "పోయినసారి దిగింది నేనే గదా. నేను దిగుతా."

"నువ్వు వెనకుండి లాగు. మోకు మీద ముందు చెయ్యి ఓబులేసుది. దించాలన్నా ఆపాలన్నా వాడు చెప్పిందే మాట."

ఓబులేసు రెండు చేతులూ ముందుకు చాపాడు. "నా చేతులు చూడండి సామీ, ఎట్ల వణుకుతున్నాయో!"

"చూస్తానే ఉన్నా. పట్టుకో."

సామి నడుముకు మోకు కట్టించుకుని, బావి గట్టు మీద కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేశాడు.

ఓబులేసు దించలేదు. మోకును ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో తడిమాడు. ముడి విప్పి మళ్లీ కట్టాడు. గిలక తిప్పి చూశాడు.

"ఇట్లయితే పొద్దుగూకుతాది అబ్బీ" అని తిమ్మప్ప విసుక్కున్నాడు. తక్కినవాళ్లు నవ్వారు.

ఓబులేసు బావిలోకి తొంగి చూశాడు. "ఒక్కసారి లాంతరు దించి చూద్దాం సామీ."

"ఏముందప్పా ఆడ? బురద!" అన్నాడు తిమ్మప్ప.

"రెండేండ్ల ఆకు కుళ్లింది తిమ్మన్నా. నాకెందుకో భయంగా ఉంది."

"నీకు భయం లేంది ఎప్పుడు?"

అయినా లాంతరు దించారు. సగం లోతు దాకా బాగానే వెలిగింది. తర్వాత మంట చిన్నదైంది. ఇంకో రెండు బారలు దిగేసరికి ఆరిపోయింది.

"నూనె అయిపోయుంటాది" అన్నాడు తిమ్మప్ప.

పైకి లాగి ఊపి చూశారు. నిండా నూనె. పొద్దునే పోసి, మూడుసార్లు చూసుకున్నది ఓబులేసే. వెలిగించి మళ్లీ దించారు. సరిగ్గా అక్కడే ఆరిపోయింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

సామి కాళ్లు ఇంకా బావిలోనే వేలాడుతున్నాయి. ఓబులేసు పరుగున పోయి ఆయన చంకల కింద చేతులు వేసి ఒక్క గుంజున వెనక్కి లాగాడు. "దిగేది లేదు! ఎవరూ దిగేది లేదు!" అని అరిచాడు. వాడు ఎవరిమీదైనా గొంతెత్తగా అంతవరకు మఠంలో ఎవరూ వినలేదు. అరిచాక అక్కడే కూలబడి బావురుమన్నాడు.

సామి పంచె దులుపుకున్నాడు. వేపమండలు కట్టి దించి, పైకీ కిందికీ ఆడించి చెడ్డగాలి పోగొట్టమని తిమ్మప్పకు చెప్పాడు. తిమ్మప్ప తల దించుకుని మండలు విరవడానికి పోయాడు.

ఓబులేసు కళ్లు తుడుచుకున్నాడు. "గుండె ఇంకా దడదడమంటానే ఉంది సామీ. ఈ భయం నన్నెప్పుడు వదిలిపోతాది?"

సామి నడుముకున్న మోకు విప్పి, చుట్ట చుట్టి, వాడి భుజానికి తగిలించాడు.

"వదిలిన రోజు వచ్చి చెప్పు నాయనా. మోకు ఇంకొకరికిస్తా."